ఇంగ్లండు రాజుల పట్టికలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగవు?

నెట్_అభ్యర్థి
ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. ముగించి నెట్ పరీక్షకు చదువుకుంటున్నాను. ఏ సాహిత్య యుగంలో ఎవరి ఏలుబడి సాగిందో వరుసగా గుర్తుంచుకోవాలని వేర్వేరు చోట్ల నుంచి రాజుల పట్టికలు రాసుకుంటే, ఒకటి చెప్పినది మరొకటి చెప్పడం లేదు. ఒక పట్టిక ఆల్ఫ్రెడ్‌తో మొదలవుతుంది, ఇంకొకటి ఏథెల్‌స్టన్‌తో, మరొకటి 1066 నాటి విలియంతో. ఒకదానిలో జేన్ గ్రే రాణి, మరొకదానిలో ఆమె పేరే లేదు. రెండవ చార్లెస్ ఒకచోట 1649లో రాజయ్యాడు, మరొకచోట 1660లో. ఆరవ హెన్రీ, నాలుగవ ఎడ్వర్డు చెరి రెండుసార్లు కనిపిస్తున్నారు. వెయ్యేళ్లుగా దస్తావేజులు భద్రపరుచుకుంటూ వచ్చిన దేశమని పేరున్న ఇంగ్లండుకు సొంత రాజుల లెక్క తేలకపోవడమేమిటి? వీటిలో ఏది చదువుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

వాదప్రియ
1066 నుంచి మొదలుపెట్టండి, ఆంగ్లేయులే అలా మొదలుపెట్టుకున్నారు. 1272లో రాజైనవాణ్ణి మొదటి ఎడ్వర్డు అంటున్నాం కదా, అంతకు ముందే ఎడ్వర్డు పేరుతో ముగ్గురు ఏలారు. వారిని అంకెలలో చేర్చలేదు. పేర్ల పక్కన ఉన్న అంకెలే ఆరంభం ఎక్కడో చెబుతున్నప్పుడు ఇక చర్చ దేనికి?

చరిత్రపిచ్చి
వాదప్రియ గారి లెక్క అంకెలకు సరిపోతుంది, దేశానికి సరిపోదు. ఇంగ్లండు అనే రాజ్యాన్ని విలియం సృష్టించలేదు, సిద్ధంగా ఉన్నదానిని గెలుచుకున్నాడు. ఆల్ఫ్రెడ్ 871 నుంచి 899 వరకు ఏలినది దక్షిణాదిలోని వెసెక్స్ రాజ్యాన్ని, ఉత్తరాన, తూర్పున అప్పుడు డెన్మార్కు నుంచి వచ్చిన డేన్‌ల పెత్తనం నడుస్తోంది. ఆయన మనుమడు ఏథెల్‌స్టన్ 927లో యార్క్‌ను పట్టుకుని, ఉత్తరాది పాలకుల చేత విధేయత చెప్పించుకున్న తరువాతే మొత్తం ఆంగ్లేయులకు ఒకే రాజు అన్న మాటకు అర్థం వచ్చింది. 939లో ఆయన చనిపోగానే యార్క్ మళ్లీ చేజారి, 954 వరకు పూర్తిగా చేతికి రాలేదు. ఏథెల్‌స్టన్‌తో మొదలుపెట్టిన పట్టికకు ఆధారం ఇది. పైగా బయటి నుంచి వచ్చి గెలవడమే ఆరంభానికి గుర్తు అనుకుంటే, విలియం కంటే 50 ఏళ్ల ముందే, 1016లో, డెన్మార్కుకు చెందిన కనూట్ గెలిచి 1035 వరకు ఏలాడు. ఆయనతో ఎవరూ మొదలుపెట్టరేమి?

వాదప్రియ
కనూట్ వంశం 1042తో అంతరించింది, విలియం రక్తసంబంధం నేటి మూడవ చార్లెస్ వరకు నడుస్తోంది. గెలవడం ఒక ఎత్తు, నిలబడడం ఒక ఎత్తు.

గుంటూరు_అధ్యాపకుడు
నెట్_అభ్యర్థి గారికి ముందు పరీక్షకు కావలసినది చెబుతాను, చర్చ తరువాత సాగించవచ్చు. సాహిత్య యుగాల పేర్లలో చాలా భాగం రాజుల పేర్ల నుంచి వచ్చినవే కనుక ఆ సంవత్సరాలు కచ్చితంగా తెలిసి ఉండాలి. ఎలిజబెతన్ యుగమంటే 1558 నుంచి 1603 వరకు, మొదటి ఎలిజబెత్ కాలం. జాకోబియన్ అంటే మొదటి జేమ్స్ ఏలిన 1603 నుంచి 1625 వరకు. కరోలైన్ అంటే మొదటి చార్లెస్ కాలం, 1649లో ఆయన శిరచ్ఛేదంతో ముగుస్తుంది. 1649 నుంచి 1660 వరకు రాజు లేని కామన్‌వెల్త్, అంటే గణతంత్రం, ఆ తరువాత రెండవ చార్లెస్ తిరిగి రావడంతో రెస్టొరేషన్, అంటే రాచరిక పునఃస్థాపన. 1702 నుంచి 1714 వరకు యాన్ రాణి, అక్కడి నుంచి 1830 వరకు వరుసగా నలుగురు జార్జిలు, 1837 నుంచి 1901 వరకు విక్టోరియా, 1910 వరకు ఏడవ ఎడ్వర్డు.

విద్యార్థులు ప్రతి ఏటా తప్పుగా రాసే సంగతులు రెండున్నాయి. షేక్‌స్పియర్‌ను కేవలం ఎలిజబెతన్ కవిగా రాయడం మొదటిది. 1603 మేలో ఆయన నాటక బృందానికి జేమ్స్ రాజు ఆశ్రయం లభించి దాని పేరే ‘కింగ్స్ మెన్’ అయింది. మాక్‌బెత్, కింగ్ లియర్ వంటి గొప్ప విషాదాంతాలు జేమ్స్ కాలానివి. మాక్‌బెత్‌కు స్కాట్లండు కథ ఎంచుకోవడం వెనుక, సింహాసనం మీద స్కాట్లండు నుంచి వచ్చిన రాజు ఉన్నాడన్న సంగతి మరిచిపోకూడదు. రెండవది రీజెన్సీ. 1811 నుంచి 1820 వరకు రాజు ఎవరని అడిగితే నాలుగవ జార్జి అని రాసేస్తారు. ఆ తొమ్మిదేళ్లూ రాజు మూడవ జార్జే. ఆయనకు మతి స్థిమితం తప్పినందువల్ల కుమారుడు రీజెంటుగా, అంటే రాజప్రతినిధిగా, పాలన నడిపాడు. జేన్ ఆస్టిన్ ఒక నవలను అంకితమిచ్చినది ప్రిన్స్ రీజెంటుకే కాని రాజుకు కాదు.

సరదా_శాస్త్రి
1830 నుంచి 1837 వరకు ఏలిన నాలుగవ విలియంను అధ్యాపకులవారు కూడా దాటేశారు, గమనించారా? 1832 నాటి పార్లమెంటు సంస్కరణ చట్టం, 1833 నాటి బానిసత్వ నిర్మూలన చట్టం ఆయన హయాంలోనే వచ్చాయి, అయినా ఆయన పేరుతో ఒక యుగం లేదు. ఏడవ ఎడ్వర్డు మాత్రం 59 ఏళ్లు యువరాజుగా ఎదురుచూసి, నిండా పదేళ్లు కూడా ఏలకుండానే ఎడ్వర్డియన్ అన్న పేరు కొట్టేశాడు.

రాతప్రతి
పాత ఆంగ్ల న్యాయ పత్రాలకు జాబితాలు తయారు చేయడం నా ఉద్యోగం. నెట్_అభ్యర్థి గారు అడిగిన చిక్కు మాకు రోజూ ఎదురయ్యేదే. మధ్యయుగపు పత్రంలో క్రీస్తుశకం చాలా అరుదుగా ఉంటుంది. ఫలానా రాజు ఏలుబడిలో ఇన్నో ఏట అని ఉంటుంది. మన శాసనాలలో ‘ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరంబులు’ అని రాయించిన పద్ధతే అక్కడా నడిచింది. అందువల్ల రాజు ఏ రోజున రాజయ్యాడన్నది తేలితే తప్ప ఒక పొలం అమ్మకం ఏ సంవత్సరంలో జరిగిందో తేలదు.

1066లో విలియంతో వచ్చిన నార్మన్ల కాలం నుంచి పట్టాభిషేకమైన రోజునే ఏలుబడి మొదలైనట్లు లెక్క. తండ్రి మరణానికి, కొడుకు పట్టాభిషేకానికి నడుమ దేశానికి రాజు లేడన్నమాట. జాన్ రాజుకు 1199 మే 27న పట్టాభిషేకం జరిగింది. ఆ రోజు క్రైస్తవుల ఆరోహణ పండుగ, ఈస్టరును బట్టి ఏటేటా తేదీ మారే పండుగ. జాన్ కొలువులోని లేఖకులు ఆయన ఏలుబడి సంవత్సరాన్ని మే 27తో కాక ప్రతి ఏటా ఆ పండుగతోనే మొదలుపెట్టారు. దానితో ఒక ఏడు పొట్టి, ఒక ఏడు పొడవు. ఆయన మూడవ ఏడు 1201 మే 3న మొదలై 1202 మే 22న ముగిసింది. ‘జాన్ రాజు మూడవ ఏట, మే 10’ అని మాత్రమే ఉన్న పత్రం చేతికి వస్తే అది 1201 నాటిదో 1202 నాటిదో తేదీ చూసి చెప్పలేము. సాక్షుల పేర్లు చూసి, ఆ రోజున రాజు ఏ ఊరిలో బస చేశాడో వేరే పత్రాలలో వెతికి నిర్ణయించవలసిందే.

ఈ పద్ధతి మారినది మొదటి ఎడ్వర్డుతో. 1272 నవంబరు 16న మూడవ హెన్రీ మరణించే నాటికి కొడుకు క్రూసేడు యుద్ధానికి వెళ్లి దేశంలో లేడు. పట్టాభిషేకం దాకా ఆగితే రాజ్యం ఎవరిదన్న ప్రశ్న తలెత్తుతుందని, నవంబరు 20న తండ్రిని ఖననం చేసిన రోజునే ప్రభువులందరూ దేశంలో లేని రాజుకు విధేయత ప్రమాణం చేశారు. ఏలుబడి ఆ రోజు నుంచే లెక్కకు వచ్చింది. ఆయన తిరిగి వచ్చి కిరీటం పెట్టుకున్నది 1274 ఆగస్టులో.

నెట్_అభ్యర్థి
అయితే పట్టాభిషేకం జరగకపోయినా రాజే అన్నమాట. మరి జేన్ గ్రే విషయంలో అభ్యంతరం ఏమిటి?

చరిత్రపిచ్చి
పట్టాభిషేకాన్ని కొలబద్దగా తీసుకుంటే పట్టిక తలకిందులవుతుంది. 1483లో ఏప్రిల్ నుంచి జూన్ వరకు రాజుగా ఉన్న ఐదవ ఎడ్వర్డుకు పట్టాభిషేకం జరగలేదు. 1936లో ఎనిమిదవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ముందే సింహాసనం వదులుకున్నాడు. ఇద్దరూ పట్టికలో ఉన్నారు. దీనికి విరుద్ధంగా, రెండవ హెన్రీ తన పెద్ద కొడుకు హెన్రీకి 1170 జూన్‌లో తాను జీవించి ఉండగానే వెస్ట్‌మిన్‌స్టర్‌లో కిరీటం పెట్టించాడు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ బెకెట్ ప్రవాసంలో ఉండడంతో ఆ కార్యం యార్క్ ఆర్చిబిషప్ చేయించాడు. తన హక్కును కాలరాశారని బెకెట్ ఆగ్రహించడం, ఆ తగాదా ముదిరి అదే ఏడు డిసెంబరు 29న ఆయన హత్యకు దారితీయడం అందరికీ తెలిసిన కథ. అంత రగడతో కిరీటం ధరించిన ఆ యువరాజు 1183లో తండ్రి కంటే ముందే మరణించాడు, పట్టికలోకి ఎక్కలేదు. ఆయనను కలుపుకొని ఉంటే ఎనిమిదవ హెన్రీ తొమ్మిదవ హెన్రీ అయ్యేవాడు.

జేన్ గ్రే కథలో అడ్డుపడినది కిరీటం కాదు, చట్టం. ఆరవ ఎడ్వర్డు 1553 జులై 6న మరణిస్తూ, అక్క మేరీ కాథలిక్ అన్న కారణంతో ఆమెను తప్పించి జేన్‌కు రాజ్యం దక్కాలని రాసిపెట్టాడు. కాని ఎనిమిదవ హెన్రీ కాలంలో పార్లమెంటు చేసిన వారసత్వ చట్టం ప్రకారం ఎడ్వర్డు తరువాత హక్కు మేరీది. పార్లమెంటు చేసిన చట్టాన్ని రాజు రాతతో రద్దు చేయలేడు. జులై 10న జేన్‌ను రాణిగా ప్రకటించారు, 19న లండన్ నగరమే మేరీని రాణిగా చాటింది. అందుకే ఆమెను తొమ్మిది రోజుల రాణి అంటారు. చట్టాన్ని నమ్మే పట్టిక ఆమెను వదిలేస్తుంది, రాణిగా చాటింపు వేయడమే చాలనుకున్న పట్టిక చేర్చుకుంటుంది.

పల్నాటి_ప్రశ్న
ఆడవారిని వదిలేయడానికి చట్టం ఒక సాకు కాదా? 12వ శతాబ్దపు మటిల్డాను కూడా చాలా పట్టికలు చేర్చుకోవు. మొదటి హెన్రీ తన ప్రభువుల చేత కూతురికి విధేయత ప్రమాణం చేయించాడు కదా?

చరిత్రపిచ్చి
చేయించాడు. వివాహబంధంలో పుట్టిన ఆయన ఏకైక కొడుకు విలియం 1120 నవంబరులో ‘వైట్ షిప్’ అనే ఓడ మునిగి చనిపోయాడు కనుక వేరే దారి లేకపోయింది. కాని 1135లో హెన్రీ మరణించగానే మేనల్లుడు స్టీఫెన్ సముద్రం దాటి వచ్చి కిరీటం పెట్టుకున్నాడు. ప్రమాణం చేసిన ప్రభువులలో ఎక్కువమంది కిమ్మనలేదు. 1141 ఫిబ్రవరిలో లింకన్ యుద్ధంలో స్టీఫెన్ పట్టుబడ్డాడు, మటిల్డా ‘ఆంగ్లేయుల ప్రభ్వి’ అన్న బిరుదుతో పట్టాభిషేకానికి లండన్ చేరింది. జూన్‌లో నగర ప్రజలు ఆమెపై తిరగబడి వెళ్లగొట్టారు. ఆడది అన్న కారణం పనిచేయలేదని నేను అనను. అయినా ఆమె పంతమే నెగ్గిందనవచ్చు, స్టీఫెన్ తరువాత 1154లో రాజైనది ఆమె కొడుకు రెండవ హెన్రీ.

పల్నాటి_ప్రశ్న
కొడుకు పట్టికలోకి ఎక్కితే తల్లి ఎక్కినట్లు కాదు.

లెస్టర్_వాసి
రాతప్రతి గారు చెప్పిన తేదీల సంగతికి మా లెస్టర్ ప్రాంతపు ఉదాహరణ ఒకటి చేర్చాలి. 1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ యుద్ధంలో మూడవ రిచర్డ్ చనిపోయాడు, గెలిచిన హెన్రీ ట్యూడర్ ఏడవ హెన్రీ అయ్యాడు. ఆ నవంబరులో కూడిన పార్లమెంటు ఆయన ఆగస్టు 21 నుంచే రాజైనట్లు లెక్కగట్టింది. యుద్ధం జరిగిన రోజున రిచర్డ్ వైపు పోరాడినవారందరూ దానివల్ల తమ రాజు కోసం పోరాడినవారు కాకుండా, రాజుకు ఎదురు తిరిగిన ద్రోహులయ్యారు, వారి ఆస్తులు జప్తు చేయడానికి దారి ఏర్పడింది. తేదీని ఒక్క రోజు వెనక్కి జరిపితే ఎన్ని ఎస్టేట్లు చేతులు మారాయో చూడండి.

2012లో రిచర్డ్ అస్థిపంజరం మా నగరంలోనే ఒక కార్ల పార్కింగ్ స్థలం కింద బయటపడింది. 2015 మార్చిలో కెథీడ్రల్‌లో తిరిగి ఖననం చేశారు. మా ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా తీసుకువెళ్లి చూపిస్తుంటాను. నల్లని రాతి పీఠం మీద లేత రంగు రాయి ఒకటే దిమ్మెగా ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ రాయి నిండా చిన్న చిన్న శిలాజాలు కనిపిస్తాయి, మీద సిలువ ఆకారం లోతుగా చెక్కి ఉంటుంది. పీఠం మీద చెక్కిన పేరులో ‘మూడవ’ అన్న అంకె ఉంది. గెలిచిన ట్యూడర్లు ఆయనను దొంగరాజు అన్నారే గాని ఆ అంకెను మాత్రం చెరిపివేయలేకపోయారు.

నెట్_అభ్యర్థి
లాంకాస్టర్, యార్క్ వంశాలు సింహాసనం కోసం పోరాడిన ఆ గులాబీ యుద్ధాల కాలమే నాకు అసలు కొరుకుడు పడనిది. ఎవరు ఎప్పుడు దిగారో, ఎవరు ఎప్పుడు ఎక్కారో వరుసగా చెప్పగలరా?

రాతప్రతి
ఆరవ హెన్రీ 1422లో ఏడాది నిండని పసిబిడ్డగా రాజయ్యాడు. 1461 మార్చిలో యార్క్ వంశీయుడు నాలుగవ ఎడ్వర్డు ఆయనను దించి తాను ఎక్కాడు. 1470 అక్టోబరులో వారిక్ ప్రభువు పక్షం మార్చడంతో ఎడ్వర్డు పారిపోయాడు, హెన్రీని చెర నుంచి తెచ్చి మళ్లీ కూర్చోబెట్టారు. 1471 ఏప్రిల్ 14న బార్నెట్‌లో వారిక్, మే 4న ట్యూక్స్‌బరీలో హెన్రీ కొడుకు హతులయ్యారు, అదే నెలలో హెన్రీ కూడా లండన్ టవర్‌లో చనిపోయాడు. నాలుగవ ఎడ్వర్డు 1483 వరకు ఏలాడు, ఆయన కొడుకు ఐదవ ఎడ్వర్డును తప్పించి పినతండ్రి మూడవ రిచర్డ్ రాజయ్యాడు.

ఆ కొద్ది నెలల రెండవ విడతలో హెన్రీ పేరిట వెలువడిన పత్రాలలో తేదీ రాసిన తీరు నాకు భలే ఇష్టం. ‘మా ఏలుబడి ఆరంభమైన 49వ ఏట, రాజాధికారం తిరిగి చేపట్టిన మొదటి ఏట’ అని రాశారు. నడుమ పదేళ్లు మరొకడు ఏలాడని ఒప్పుకోకుండా, తాము చెరలో ఉన్నామని దాచకుండా రెండు అంకెలూ వేసేశారు.

వాదప్రియ
ఇదంతా చదివాక నాకు తోచేది ఒకటే. చట్టం పేరిట కల్పించుకున్న అంకెలను చరిత్ర అని పిలవకూడదు. నిజంగా ఎవరు ఏలారో రాయాలి. రెండవ చార్లెస్ 1649లో రాజయ్యాడంటే నవ్వు వస్తుంది, 1651లో వూస్టర్ యుద్ధంలో ఓడి, ఓక్ చెట్టెక్కి దాక్కుని, ఐరోపాలో అప్పుల మీద బతికిన మనిషి ఇంగ్లండును ఏలినట్లా? ఆ పదకొండేళ్లలో ఏలినవాడు పార్లమెంటు పక్షపు సేనాని ఆలివర్ క్రామ్‌వెల్. ఆయన పేరు పట్టికలో ఉండాలి.

రాతప్రతి
ఉండాలి, రాజుగా మాత్రం కాదు. 1649 మార్చిలో పార్లమెంటు రాజు అనే పదవినే రద్దు చేసింది. క్రామ్‌వెల్ 1653 డిసెంబరు నుంచి లార్డ్ ప్రొటెక్టర్, అంటే రాజు కాని దేశాధినేత, అంతకు ముందు నాలుగేళ్లకు పైగా ఏ ఒక్క వ్యక్తీ దేశాధినేత కాడు. 1657లో పార్లమెంటు ఆయనకు కిరీటం ఇవ్వజూపింది, ఆయన కాదన్నాడు. కాదన్నాక జూన్‌లో రెండవసారి ప్రొటెక్టరుగా ప్రమాణం చేయించినప్పుడు మాత్రం, రాజులు పట్టాభిషేకంలో కూర్చునే ఆసనాన్నే వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే అనే చర్చి నుంచి వెస్ట్‌మిన్‌స్టర్ హాలుకు మోయించారు. 1658లో ఆయన పోయాక పదవి కొడుకు రిచర్డ్‌కు దక్కింది, 1659లోనే ఊడింది.

ఇక 1649 సంగతి. రెండవ చార్లెస్ 1660 మే చివర లండన్ చేరాడు. ఆ ఏడు చేసిన చట్టాలను ‘రెండవ చార్లెస్ 12వ ఏట’ చేసినవిగా నమోదు చేశారు. తండ్రి తల తెగిన 1649 జనవరి 30ననే కొడుకు రాజయ్యాడని, నడుమ గణతంత్రం అన్నదే చెల్లదని దాని అర్థం. నవ్వదలచుకుంటే నవ్వండి. చట్టాల పుస్తకం తెరిస్తే మాత్రం ఆయన ఏలుబడికి మొదటి ఏడు మొదలు పదకొండవ ఏడు వరకు ఒక్క చట్టమూ కనిపించదు, పన్నెండవ ఏటితోనే మొదలవుతుంది. అది తెలియని విద్యార్థి ముందు పేజీలు చిరిగిపోయాయనుకుంటాడు.

గుంటూరు_అధ్యాపకుడు
సాహిత్య పరీక్షలో 1660 అనే రాయండి. రెస్టొరేషన్ అన్న పేరుకు ఆ సంవత్సరమే ప్రాణం.

సందేహాల_పుట్ట
మొదటి మేరీ భర్త ఫిలిప్‌ను ఎందుకు వదిలేశారు? మూడవ విలియం కూడా రెండవ మేరీ రాణి భర్తగా వచ్చినవాడే, ఆయన పట్టికలో ఉన్నాడు.

చరిత్రపిచ్చి
మంచి ప్రశ్న. 1554 జులైలో వించెస్టర్‌లో వివాహమైన నాటి నుంచి 1558లో మేరీ మరణించే వరకు స్పెయిన్ యువరాజు ఫిలిప్ ఇంగ్లండుకు పేరుకు రాజే. చట్టాలు ‘ఫిలిప్, మేరీ’ అన్న జంట పేర్లతో వెలువడ్డాయి, నాణేల మీద భార్యాభర్తల తలలు ఎదురెదురుగా ముద్రించారు. కాని వివాహ ఒప్పందంలోనే పార్లమెంటు ముకుతాడు వేసింది, రాణి చనిపోతే ఆయనకు ఏ హక్కూ మిగలదు. అందుకని ఆమె పోయిన రోజే ఆయన రాచరికం కూడా పోయింది. 1689లో విలియం దగ్గర ఆ పప్పు ఉడకలేదు. భార్య కొంగు పట్టుకుని ఉండే రాజరికం తనకు అక్కరలేదని, తన సొంత హక్కుగా ఇస్తేనే ఉంటానని, లేకపోతే హాలండుకు వెళ్లిపోతానని తేల్చి చెప్పాడు. అందువల్లనే మేరీ 1694లో మరణించినా 1702 వరకు ఆయన ఒక్కడే ఏలాడు.

పాత_నాణెం
మన ప్రాంతపు చరిత్ర పుస్తకాలలో దొర్లే ఒక పొరపాటును ఇక్కడ ప్రస్తావించడం అవసరం. ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చినది ఎలిజబెత్ కనుక, 1600 డిసెంబరు 31 నాటి మాట కనుక, మచిలీపట్నంలో ఆంగ్లేయులు గిడ్డంగి పెట్టినది కూడా ఆమె కాలంలోనే అని రాసేస్తారు. 1611లో వారి ఓడ మచిలీపట్నం రేవుకు వచ్చేసరికి ఆమె పోయి ఎనిమిదేళ్లయింది, అప్పటి రాజు మొదటి జేమ్స్. స్థానిక నాయకులైన దామెర్ల వారి నుంచి మద్రాసు తీరంలో స్థలం పుచ్చుకున్న 1639లో రాజు మొదటి చార్లెస్. ఉత్తర సర్కారులు, దత్త మండలాలు వారి చేతికి చిక్కినది మూడవ జార్జి కాలంలో.

మరొక సంగతి రాతప్రతి గారికి నచ్చుతుంది. 1835కు ముందు బెంగాలులో కంపెనీవారి రూపాయల మీద ఆంగ్ల రాజు ఊసే లేదు, మొగలు చక్రవర్తి షా ఆలం పేరు ఉండేది. బెంగాలు టంకశాలలో ఆయన 19వ రాజ్య సంవత్సరపు అంకెనే మార్చకుండా దశాబ్దాల పాటు అచ్చు వేశారు, చక్రవర్తి 1806లో చనిపోయినా ఆ 19 మారలేదు. 1835లో తొలిసారిగా నాలుగవ విలియం బొమ్మ వచ్చింది. సరదా_శాస్త్రి గారు చింతించనవసరం లేదు, ఆయనకు యుగం దక్కకపోయినా మన రూపాయి దక్కింది.

సరదా_శాస్త్రి
ఇప్పుడు మనసు కుదుటపడింది.

నెట్_అభ్యర్థి
ఒక పట్టికలో ఎలిజబెత్ మరణం 1602 అని, మొదటి చార్లెస్ శిరచ్ఛేదం 1648 అని ఉంది. అవి అచ్చుతప్పులేనా?

రాతప్రతి
కావు. ఇంగ్లండులో 1752కు ముందు చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఎలిజబెత్ మరణించినది మార్చి 24న, అంటే వారి లెక్కలో 1602వ సంవత్సరపు చిట్టచివరి రోజున. జనవరి 30న చనిపోయిన చార్లెస్‌కు కూడా అంతే, అప్పటి కాగితాలలో 1648 అని ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల తేదీలకు రెండు సంవత్సరాలూ కలిపి గీత పెట్టి రాసే అలవాటు కూడా ఉండేది. మీరు 1603, 1649 అని రాస్తే చాలు.

ఎడిన్‌బరో_తెలుగు
అందరూ ఇంగ్లండు రాజులు అంటూనే విక్టోరియా దాకా వచ్చేశారు. 1707 మే 1న స్కాట్లండు, ఇంగ్లండు ఏకమైన తరువాత ఇంగ్లండు రాజు అన్న పదవే లేదు, యాన్ రాణితో ఆ పట్టిక మూసేయాలి. మొదటి జేమ్స్ మాకు ఆరవ జేమ్స్, మూడవ విలియం మాకు రెండవ విలియం. 1952లో ఎలిజబెత్ గద్దెనెక్కినప్పుడు ఇక్కడ గొడవే అయింది, స్కాట్లండును అంతకు ముందు ఎలిజబెత్ అన్న రాణి ఏలనప్పుడు ఈమె రెండవది ఎలా అవుతుందన్నారు. ఆ అంకె ఉన్న కొత్త తపాలా పెట్టెను 1953 ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలోని ఇంచ్ అనే పేటలో పేల్చివేశారు. ఆ తరువాత స్కాట్లండులో పెట్టిన తపాలా పెట్టెల మీద ఆమె అంకెకు బదులు స్కాట్లండు కిరీటం బొమ్మ వేశారు.

వాదప్రియ
పేర్ల పక్కన ఉన్న అంకెలే సాక్ష్యమని నేను మొదట్లోనే అన్నాను. చూశారా, వాటి కోసం బాంబులు కూడా పెట్టారు.

చరిత్రపిచ్చి
బాంబు పెట్టినది అంకె తప్పని, వాదప్రియ గారు. మీకది సాక్ష్యమెలా అయింది?

నెట్_అభ్యర్థి
నా కాగితం మీద ఇప్పుడు 1066 దగ్గర గీత గీసి, పైన ఏథెల్‌స్టన్ నుంచి హెరాల్డ్ వరకు, కింద విలియం నుంచి మూడవ చార్లెస్ వరకు రాశాను. జేన్, మటిల్డా, ఫిలిప్ పేర్లు పక్క గడిలో పెట్టాను, క్రామ్‌వెల్‌లకు వేరే రంగు వాడాను. చివరి సందేహం ఒకటి మిగిలింది. రెండవ జేమ్స్ ఏలుబడి 1688 డిసెంబరు 11న ముగిసిందని, విలియం, మేరీలది 1689 ఫిబ్రవరి 13న మొదలైందని ఉంది. నడుమ రెండు నెలలు రాజు ఎవరు?

రాతప్రతి
ఎవరూ లేరు. జేమ్స్ డిసెంబరు 11న లండన్ నుంచి పారిపోతూ, తాను లేకుండా పార్లమెంటును పిలవడం కుదరకూడదని రాజముద్రను థేమ్స్ నదిలో పడవేశాడు. పారిపోవడాన్నే పదవీత్యాగంగా పార్లమెంటు తరువాత నిర్ణయించింది. ఆయన మాత్రం 1701లో ఫ్రాన్సులో కన్నుమూసే వరకు తానే రాజునని అంటూ వచ్చాడు. ఆ రెండు నెలలకు మీ కాగితంలో ఒక వరుస ఖాళీగా వదిలి కింద విలియం, మేరీల పేర్లు రాయండి.